దెయ్యాలే సాక్షులు: జపాన్ కొయ్య అచ్చు చిత్రాల్లో భూతప్రేతాల లోకం

జపాన్ చిత్రకళ అనగానే చాలామందికి గుర్తొచ్చేది హొకుసాయ్ గీసిన పెద్ద కెరటం. పడవల మీదికి విరుచుకుపడబోతున్న నీలిరంగు సముద్రం, దూరాన చిన్నగా ఫ్యూజీ పర్వతం. దాదాపు అవే రోజుల్లో, అంటే 1831-32 ప్రాంతంలో, అదే హొకుసాయ్ దెయ్యాల బొమ్మలూ కొన్ని గీశాడు. ఆ వరుస పేరు 'హ్యకు మొనొగతరి', అంటే నూరు కథలు. పేరుకు నూరే గానీ, ఇప్పటికి తెలిసినవి ఐదు బొమ్మలే. వాటిలో ఒకదాంట్లో బావిలోంచి ఒక ఆడమనిషి పైకి లేస్తూ ఉంటుంది. మెడ మామూలు మెడ కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పింగాణీ పళ్లేలే ఆమె మెడ. నోట్లోంచి పొగలాంటి ఊపిరి వస్తూ ఉంటుంది.

ఆమె పేరు ఒకికు, ఒక సమురాయ్ ఇంట్లో పనిమనిషి. ఆ ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చిన పది పళ్లేలు ఉండేవి. ఒక కథనం ప్రకారం ఆమె చేతిలో ఒక పళ్లెం పగిలింది. మరో కథనంలో యజమాని కోరికను ఆమె కాదన్నందుకు అతనే ఒక పళ్లెం దాచి, నేరం ఆమె మీద మోపాడు. ఏ కథనంలోనైనా ముగింపు ఒకటే. ఆమె శవం బావిలో తేలింది. అప్పటినుంచి ప్రతి రాత్రీ బావిలోంచి లెక్క వినిపించేది. ఒకటి, రెండు, మూడు అంటూ తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయి, ఆ తర్వాత ఏడుపు.

ఈ కథలో మనల్ని భయపెట్టేది దెయ్యం కాదు, ఆ లెక్క. పనిమనిషి మాట వినేవాళ్లు లేని లోకంలో చచ్చాక గానీ ఆమెకు గొంతు రాలేదు. జపాన్ కొయ్య అచ్చు చిత్రాల్లోని దెయ్యాల్లో చాలామంది ఇలాంటివాళ్లే. మోసపోయిన భార్యలు, హత్యకు గురైన నౌకర్లు, ఓడిపోయిన తిరుగుబాటుదారుల పిల్లలు. ఆ బొమ్మల్ని ఆ కోణంలోంచి చూస్తే అవి వింతలుగా కాక, ఒక సమాజం తన గురించి తాను చెప్పుకున్న వాంగ్మూలంలా కనిపిస్తాయి.

నలుగురి చేతుల బొమ్మ

1603 నుంచి 1868 దాకా జపాన్‌ను తొకుగావ వంశపు షోగున్లు ఏలారు. వాళ్ల రాజధాని ఎదో, అంటే ఇప్పటి టోక్యో. అంతర్యుద్ధాలు ఆగాయి, నగరం పెరిగింది, వర్తకుల చేతిలో డబ్బు ఆడింది. వాళ్ల కోసం పుట్టిన కళే 'ఊకియో-ఎ', అంటే తేలియాడే లోకపు చిత్రాలు. నాటకాలు, నటులు, వేశ్యావాటికల అందగత్తెలు, మల్లయోధులు, యాత్రాస్థలాలు మొదట్లో దాని ముఖ్య విషయాలు.

ఈ బొమ్మలు ఒక్కరి పని కావు. పెట్టుబడి పెట్టి, ఏది అమ్ముడవుతుందో అంచనా వేసేవాడు ప్రచురణకర్త. గీత గీసేవాడు చిత్రకారుడు. ఆ పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, గీతల్ని మాత్రం వదిలి మిగతాదంతా చెక్కేవాడు ఇంకొకడు. రంగు పూసి, తడికాగితం పరిచి, 'బరెన్' అనే గుండ్రటి మెత్తతో వెనకనుంచి రుద్ది అచ్చు తీసేవాడు నాలుగోవాడు. రంగు రంగుకూ ఒక్కో చెక్క కావాలి. అనేక రంగుల అచ్చు 1765లో సుజుకి హరునొబు బొమ్మలతో స్థిరపడింది. 1830 ప్రాంతంలో ప్రష్యన్ నీలం వాడకం పెరిగింది. చీకటిని, నీళ్లను, పాలిపోయిన చర్మాన్ని చూపడానికి ఆ నీలం దెయ్యాల బొమ్మలకు బాగా పనికొచ్చింది. చెక్క మీదే రంగును తుడిచి, చిక్కదనం నుంచి పలచదనానికి జార్చే 'బొకాషి' పద్ధతి మరో వరం. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి దెయ్యం గాలిలో కరిగిపోయినట్టు కనిపించేది దీనివల్లే.

కాళ్లు లేని దెయ్యం అనే సంప్రదాయాన్ని మరుయామ ఓక్యో అనే పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడితో ముడిపెడతారు. అతను పట్టు మీద గీసిన ఒయుకి అనే ఆమె దెయ్యపు బొమ్మలో తెల్లటి బట్ట, విరబోసుకున్న జుట్టు, నడుము కింద శూన్యం. మన దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, జపాన్ దెయ్యాలకు అసలు పాదాలే ఉండవు. ఇప్పటి జపాన్ భయానక సినిమాల్లో ముఖం మీద జుట్టు పరుచుకుని వచ్చే ఆడదెయ్యం ఈ వంశంలోదే.

నూరు దీపాలు ఆరే ఆట

ఎదో కాలంలో జనం ఇష్టపడిన కాలక్షేపాల్లో ఒకటి నూరు కథల కూటమి. రాత్రిపూట కొందరు ఒకచోట చేరి, నీలికాగితం చుట్టిన దీపంలో నూరు వత్తులు వెలిగిస్తారు. ఒక్కొక్కరూ ఒక దెయ్యం కథ చెప్పి ఒక వత్తి ఆర్పాలి. గది మెల్లమెల్లగా చీకటవుతుంది. నూరోది ఆరితే నిజంగానే ఏదో ప్రత్యక్షమవుతుందని నమ్మకం. అందుకే చాలామంది తొంభై తొమ్మిది దగ్గర ఆపేసేవారట. మొదట్లో సమురాయ్‌ల ధైర్యపరీక్షగా ఉందని చెప్పే ఈ ఆట వర్తకుల ఇళ్లకూ పాకింది. దాంతో కథల పుస్తకాలకు గిరాకీ పెరిగింది, పుస్తకాలకు బొమ్మలు కావాల్సి వచ్చాయి.

ఆ లోటు తీర్చినవాడు తొరియామ సెకియెన్. 1776లో అతను వెలువరించిన బొమ్మల పుస్తకం పేరు 'నూరు భూతాల రాత్రి ఊరేగింపు' అనే అర్థమిస్తుంది. పుటకో భూతం, దాని పేరు, ఒకటి రెండు ముక్కల వివరణ. ఒకరకంగా అది భూతాల విజ్ఞాన సర్వస్వం. జనం మెచ్చడంతో 1784 దాకా మరో మూడు పుస్తకాలు వచ్చాయి. ఊళ్లలో చెప్పుకునే భూతాలతో పాటు పాత గ్రంథాల నుంచి తీసుకున్నవీ, తానే కల్పించినవీ అతను కలిపేశాడు. తర్వాతి తరాల చిత్రకారులకు అదే మూలపాఠం. అందగత్తెల బొమ్మలకు పేరుపొందిన ఉతమరో ఇతని శిష్యుడే.

ఈ జాబితాలో ముఖ్యమైనవారిని పరిచయం చేసుకుందాం. 'యూరెయ్' అంటే చనిపోయిన మనిషి ఆత్మ. దానికి ఒక పేరు, ఒక కక్ష, ఒక చిరునామా ఉంటాయి. 'యోకయ్' అంటే మనిషి కాని వింతజీవి. కొండల్లో ఉండే 'తెంగు'కు రెక్కలూ పొడవాటి ముక్కూ. నదుల్లో ఉండే 'కప్పా'కు, తెలుగు కప్పకూ పేరు కలిసినా చుట్టరికం లేదు. దాని నడినెత్తిన గుంటలో నీళ్లుంటాయి, బలమంతా ఆ నీళ్లలోనే. మర్యాదగా వంగి నమస్కరిస్తే అదీ తిరిగి వంగుతుంది, నీళ్లు ఒలికిపోయి నీరసపడుతుంది. నక్క, పిల్లి, 'తనుకి' అనే కుక్కజాతి జంతువు మనిషి రూపాలు ధరిస్తాయి. నూరేళ్లు వాడి పారేసిన గొడుగు, చెప్పు, కుండ కూడా ప్రాణం పోసుకుని యజమానులను వేధిస్తాయని ఒక నమ్మకం.

నాటకశాల నుంచి బొమ్మలోకి

దెయ్యాల బొమ్మల అమ్మకాలకు అసలు ఊపునిచ్చింది కబుకి నాటకరంగం. 1825లో త్సురుయ నన్‌బొకు రాసిన 'తొకయ్‌దో యొత్సుయ కయ్‌దన్' ఎదోలోని నకమురా నాటకశాలలో తొలిసారి ఆడింది. ఏలిక లేని సమురాయ్ ఇయెమొన్ దరిద్రంలో ఉంటాడు. భార్య ఒయివా బాలింత. పొరుగున ఉన్న సంపన్న కుటుంబం తమ మనవరాలిని అతనికిచ్చి చేయాలనుకుంటుంది. మందు పేరుతో ఒయివాకు విషం పంపుతుంది. ఆమె ముఖం వికృతంగా వాచిపోతుంది. అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటుంటే జుట్టు నెత్తుటితో సహా గుత్తులుగా ఊడివస్తుంది. ఆమె చనిపోతుంది. ఇయెమొన్ తాను చంపిన నౌకరు శవాన్నీ, ఆమె శవాన్నీ ఒకే తలుపుకు అటూ ఇటూ మేకులు కొట్టించి ఏట్లోకి తోయిస్తాడు. ఆ తర్వాత ఎటు చూసినా ఆమే. పెళ్లిరాత్రి కొత్త పెళ్లికూతురి ముసుగు తీస్తే ఒయివా ముఖం కనిపిస్తుంది. కత్తి దూస్తాడు. తెగిపడింది పెళ్లికూతురి తల.

ఈ నాటకాన్ని మొదటిసారి 'చూషింగురా' అనే స్వామిభక్తి నాటకంతో కలిపి రెండు రోజులు ప్రదర్శించారు. ప్రభువు కోసం ప్రాణాలిచ్చిన నలభై ఏడుగురు వీరుల కథ ఒకవైపు, అదే సమురాయ్ కులంలో పుట్టి భార్యను నిలువునా మోసగించినవాడి కథ ఇంకోవైపు. వీరధర్మం గురించి చెప్పే గొప్పల పక్కనే ఒక ఇల్లాలి శవాన్ని పెట్టిన ఈ కూర్పులోనే నన్‌బొకు పదును ఉంది.

హొకుసాయ్ ఐదు బొమ్మల్లో ఒయివా చిరిగిన కాగితపు లాంతరుగా కనిపిస్తుంది. చిరుగు నోరైంది, లాంతరు మడతలు ముఖం మీద ముడతలయ్యాయి. మరో బొమ్మలో కొహద కొహెయ్‌జి దోమతెర మీదుగా తొంగిచూస్తాడు. బతికినప్పుడు దెయ్యం వేషాలకే పేరున్న నటుడతను. భార్య ప్రియుడు అతన్ని నీళ్లలో ముంచి చంపాడని కథ. నాటకశాలలో దెయ్యాల నాటకాలు వేసవిలోనే ఎక్కువగా ఆడేవారు. పితృదేవతలు ఇళ్లకు వచ్చే ఒబొన్ పండుగ అప్పుడే, పైగా ఉక్కపోతలో వెన్ను జలదరించడం ఒక చలువ. ఆట చూసి బయటికొచ్చినవాళ్లు ఒక గిన్నె నూడుల్స్ ఖరీదుకు అటూ ఇటుగా ఒక బొమ్మ కొనుక్కునేవారు. కొన్ని బొమ్మల్లో అతికించిన కాగితపు రెక్క ఎత్తితే తలుపుకు ఒకవైపున్న ఒయివా మాయమై, రెండోవైపున్న నౌకరు కనిపించేవాడు.

కత్తెరకు దొరకని బొమ్మలు

1790 నుంచి ప్రతి బొమ్మా అచ్చుకు ముందు తనిఖీ ముద్ర వేయించుకోవాల్సి వచ్చింది. పాలకుల మీద వ్యాఖ్య చేయడం నేరం. 1841-43 మధ్య మంత్రి మిజునో తదకుని 'తెన్‌పో సంస్కరణలు' పేరుతో విలాసాలన్నిటినీ అణచబోయాడు. 1842లో నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు అచ్చువేయడాన్ని నిషేధించారు. బొమ్మల వ్యాపారానికి అవే ఊపిరి.

సరిగ్గా 1843లో ఉతగావ కునియొషి మూడు కాగితాల వెడల్పున ఒక బొమ్మ వేశాడు. వెనకటి వీరుడు యొరిమిత్సు జబ్బుపడి మగతలో ఉంటాడు. సాలీడు భూతం అతని మీద వల విసురుతుంటుంది. వెనక చీకట్లో రకరకాల భూతాల మూక రెండు పక్షాలుగా కలబడుతుంటుంది. నలుగురు అంగరక్షకులు అదేమీ పట్టనట్టు చదరంగంలాంటి ఆట దగ్గర కూర్చుని ఉంటారు. పైకి ఇది పాత పురాణగాథ. ఎదో జనం మాత్రం వేరేలా చదివారు. మత్తులో ఉన్న ప్రభువు షోగున్ ఇయెయొషి. అంగరక్షకుల్లో ఒకడి బట్ట మీది చిహ్నం మిజునో వంశానిది. వెనకున్న భూతాలు నిషేధాల వల్ల పొట్టకొట్టించుకున్న వృత్తులవాళ్లు. ఏ భూతం ఏ వృత్తికి గుర్తో విప్పడం ఊళ్లో ఒక ఆటయింది. అదే ఏడాది మిజునో పదవి పోయింది.

ఏడాది రెండేళ్లకు కునియొషి తన అన్నిటికన్నా పేరున్న బొమ్మ గీశాడు. పదో శతాబ్దంలో చక్రవర్తి మీద తిరగబడి చనిపోయిన మసకదొ పాడుబడ్డ భవనం అది. అతని కూతురు, మంత్రగత్తె తకియాష, చేతిలో చుట్ట విప్పి మంత్రం చదువుతుంది. చిరిగిన వెదురు తెరలను తోసుకుంటూ మూడు కాగితాల్లో రెండింటిని ఆక్రమించిన ఒక మహా అస్థిపంజరం చీకట్లోంచి వంగి వస్తుంది. ఈ కథకు మూలమైన సన్‌తో క్యోదెన్ 1806 నవలలో మామూలు సైజు అస్థిపంజరాలు గుంపుగా వస్తాయి. ఆ గుంపునంతా ఒక్క కాయంగా మార్చింది కునియొషి. ఎముకల అమరిక అంత సరిగ్గా ఉండడానికి పాశ్చాత్య శరీరశాస్త్ర గ్రంథాల పరిచయమే కారణమని కళాచరిత్రకారుల అభిప్రాయం. 'గషదొకురొ' అనే మహాకంకాళ భూతాన్ని ఇరవయ్యో శతాబ్దపు రచయితలు కల్పించినప్పుడు దానికి రూపం ఇచ్చింది ఈ బొమ్మే.

కష్టకాలపు బొమ్మలు

1855లో ఎదోను భారీ భూకంపం కుదిపింది. వేలమంది చనిపోయారు. భూమి కింద ఒక పెద్ద క్యాట్‌ఫిష్ ఉందనీ, కషిమ దేవుడు దాన్ని రాతితో అదిమిపెడతాడనీ, ఆయన ఏమరితే అది కదిలి భూకంపం వస్తుందనీ అక్కడి నమ్మకం. భూకంపం వచ్చిన కొద్ది రోజులకే తనిఖీ ముద్రలూ కళాకారుల పేర్లూ లేకుండా క్యాట్‌ఫిష్ బొమ్మలు వందల రకాలు వీధుల్లోకి వచ్చాయి. కొన్నింట్లో జనం దాన్ని చితకబాదుతుంటారు. కొన్నింట్లో వడ్రంగులు, తాపీపనివాళ్లు దానికి దండం పెడుతుంటారు, ఊరు కూలడంతో వాళ్లకు చేతినిండా పని దొరికింది మరి. ధనికుల చేత డబ్బు కక్కిస్తున్న క్యాట్‌ఫిష్ కూడా ఉంది. భూకంపం ఎవరిని ముంచి ఎవరిని తేల్చిందో ఆ బొమ్మలు చెప్పినంత సూటిగా చెప్పడం కష్టం.

1846 నాటి ఒక వార్తాపత్రంలో ఇంకో జీవి ఉంది. ఇప్పటి కుమమొతొ ప్రాంతపు సముద్రంలో కనిపించిందట. పొడుగు జుట్టు, పక్షి ముక్కు, పొలుసుల ఒళ్లు, మూడు కాళ్లు. పేరు 'అమబియె'. ఆరేళ్లు పంటలు బాగా పండుతాయి, రోగాలూ వస్తాయి, నా బొమ్మ గీసి జనానికి చూపండి అని చెప్పి సముద్రంలోకి వెళ్లిపోయిందట. క్యోటో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న ఆ ముతక బొమ్మ 2020లో కరోనా వేళ మళ్లీ బతికింది. జపాన్ ఆరోగ్యశాఖే దాన్ని ప్రచారానికి వాడుకుంది.

మన వైపునుంచి వెళ్లినవాళ్లు

ఈ బొమ్మల్లో మనకు చుట్టాలూ ఉన్నారు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరిన పేర్లు అక్కడి ఉచ్చారణలో నిలిచిపోయాయి. యముడు 'ఎన్మ' అయ్యాడు, రాక్షసుడు 'రసెత్సు', యక్షుడు 'యష'. తకియాష పేరు చివర ఉన్న మాట ఆ యక్షుడిదే. నక్క మీద స్వారీ చేసే దేవత 'దకినితెన్' మన డాకినే. అసూయతో దెయ్యంగా మారిన ఆడదాని కొమ్ముల ముసుగును 'హన్య' అంటారు. ఆ మాట సంస్కృత ప్రజ్ఞ నుంచి వచ్చింది, ఆ ముసుగుకు ఆ పేరు రావడానికి మాత్రం రకరకాల కథలు చెబుతారు.

తొమ్మిది తోకల నక్క కథ ఇంకా దగ్గరిది. జపాన్ చక్రవర్తి కొలువులో తమమొ-నొ-మయె అనే సుందరిగా చేరడానికి ముందు అది చైనాలో, అంతకుముందు మగధలో రాణుల వేషాల్లో రాజ్యాలను నాశనం చేసిందట. మగధలో అది మోహపెట్టిన రాకుమారుడి పేరు హన్‌జొకు. ఆ పేరుకు 'మచ్చల పాదాలవాడు' అని అర్థం. మహాభారతం ఆదిపర్వంలో వశిష్ఠుడి కొడుకులను తిన్న కల్మాషపాదుడే బౌద్ధ జాతకాల మీదుగా అక్కడికి అలా చేరాడు. ఆ మూడు దేశాల నక్క కథను కునియొషి ఒక బొమ్మల వరుసగానే వేశాడు.

నరాల జబ్బు అన్న కాలంలో

1868లో షోగున్ల పాలన పోయి మెయ్‌జి శకం మొదలైంది. రైళ్లు, గ్యాస్ దీపాలు, బడులు వచ్చాయి. దెయ్యాలు మూఢనమ్మకం అన్నారు. దెయ్యం కనబడిందంటే నరాల బలహీనత అనడం చదువుకున్నవాళ్ల అలవాటైంది. ఇనోవె ఎన్‌ర్యో అనే తత్వవేత్త భూతాల నమ్మకాలను తర్కంతో పరీక్షించి తీసిపారేయడానికి 'యోకయ్ శాస్త్రం' అనే అధ్యయనమే మొదలుపెట్టాడు. కవనబె క్యోసయ్ 1874లోనే కొత్త చదువులను వెక్కిరిస్తూ భూతాల బడి బొమ్మ వేశాడు. కొత్త చదువుల చట్టం భూతాలనూ వదల్లేదు, అవీ బుద్ధిగా అక్షరాలు దిద్దుతున్నాయి.

కునియొషి శిష్యుడు యొషితొషి జవాబు మరోలా ఉంది. 1868 అంతర్యుద్ధపు శవాలను కళ్లారా చూసినవాడతను. పేదరికం, మానసిక వ్యాధి అతన్ని వెంటాడాయి. 1889లో మొదలుపెట్టిన ముప్పై ఆరు దెయ్యాల బొమ్మల వరుసకు 'షిన్‌కెయ్' అనే మాటతో పేరుపెట్టాడు. దాన్ని 'కొత్త రూపాలు' అనీ చదవొచ్చు, 'నరాలు' అనీ వినొచ్చు. మీరు నరాల జబ్బు అంటున్నదాన్నే నేను కొత్తగా చూపిస్తున్నానన్న చమత్కారం అందులో ఉంది. బొమ్మల అంచులు కూడా పురుగులు కొట్టేసినట్టు గీయించాడు. ఈ వరుసలో ఒకికు మళ్లీ వస్తుంది, ఈసారి పళ్లేల మెడ లేదు. ముఖం దాదాపు కప్పుకుని బావి పక్కన నీరసంగా తేలుతున్న ఒక చిన్నపిల్ల మాత్రమే. హొకుసాయ్ ఒకికును చూస్తే ఉలిక్కిపడతాం, యొషితొషి ఒకికును చూస్తే జాలి పుడుతుంది. యొషితొషి 1892లో చనిపోయాడు. మిగిలిన పని శిష్యులు పూర్తిచేశారు. ఫొటోలు, రాతి అచ్చులు వచ్చి కొయ్య అచ్చు వ్యాపారం అప్పటికే కుదేలైంది.

ఇవాళ ఆ బొమ్మలు లండన్, బోస్టన్ మ్యూజియంలలో ఉన్నాయి. కథలు మాత్రం సొంత ఊళ్లు వదల్లేదు. టోక్యోలోని జెన్‌షోఅన్ ఆలయంలో, మెయ్‌జి కాలపు గొప్ప కథకుడు ఎన్‌చో సేకరించిన దెయ్యాల చిత్రాలను ఏటా ఆగస్టులో ప్రదర్శిస్తారు. హిమెజి కోటలో ఒకికు బావి అని ఒకదాన్ని చూపిస్తారు. ఒయివా నాటకం ఆడబోయే నటులు ఇప్పటికీ ముందుగా ఆమె పేరున్న గుడికి వెళ్లి మొక్కుతారు. మొక్కకపోతే రంగస్థలం మీద ప్రమాదాలు జరుగుతాయని భయం. రెండు వందల ఏళ్లుగా టిక్కెట్లకు అమ్ముడవుతున్న ఒక భార్య బాధను ఆడబోయేముందు, ఆమె అనుమతి తీసుకోవడం కూడా అందులో ఉంది.